ఇరుకు జీను

మద్దేడ్‌లో రోడ్డు పక్కనున్న దుర్గాభవాని దుకాణం లారీ డ్రైవర్లందరికీ తెలుసు. బీజాపూర్ నుంచి భోపాలపట్నం దాకా తిరిగే బండ్లలో సగం సీట్లు తన భార్య కుట్టినవేనని, పక్కనే పంక్చర్ల కొట్టు పెట్టుకున్న ఉమేష్ అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేవాడు. లారీ సీట్లు, ట్రాక్టర్ సీట్లు, మోటారు సైకిల్ సీట్లు, ఇదే ఆమెకు రోజువారీ పని. పుట్టింటి పని మాత్రం వేరు. ఆమె తండ్రి జీనిగర మనిషి, గుర్రాలకు జీన్లు కుట్టి బతికినవాడు. అన్నలిద్దరూ ఆ పని తమకొద్దని తలో దారి పడితే, ఆయన తోలు గుచ్చే ఆరె, దబ్బనం, మైనం పట్టించిన దారం దుర్గ చేతికి వచ్చాయి.

జీను అంటే ఒకటే వస్తువు కాదని ఆమెకు పదేళ్ళ వయసులోనే తెలుసు. పెళ్ళికొడుకు ఎక్కే జీనుకు ముందూ వెనకా గోడల్లా ఎత్తు ఉంటుంది, ఎందుకంటే జన్మలో గుర్రమెక్కనివాడు ఆ ఒక్క పూట కింద పడకుండా ఉండాలి. దానికి అద్దాలూ జరీ ఎంత కుట్టినా కూచునేవాడికి సుఖం ఉండదు. పోలీసు గుర్రం జీనుకు సామాను కట్టుకునే కొక్కేలు ఉంటాయి. రోజంతా దూరం పోయే గుర్రానికైతే కింది భాగం వెడల్పుగా చేసి బరువును వీపంతా పరచాలి. ఇక బరువులు మోసే గంతకు కూచునే చోటే ఉండదు. రెండు పక్కలా గడ్డి కుక్కిన మెత్తలు, వాటి మీద అడ్డంగా దాటించి కట్టిన చెక్కలు, ఆ చెక్కలకు వేలాడే బస్తాలు, అంతే. ఏ జీనైనా గుర్రం వెన్నెముకను తాకకూడదు, భుజాలను నొక్కకూడదు. తండ్రి కుట్టు తప్పితే ఊరుకునేవాడుగానీ, ఇది తప్పితే ఊరుకునేవాడు కాదు.

ఇప్పుడు జీన్లు ఎవరికి కావాలి? పన్నెండేళ్ళుగా దుర్గ చేతికి వచ్చే గుర్రపు పని ఒక్కటే, సంతకు వచ్చే ముయె పొట్టి టట్టు గుర్రాల గంతలు.

ముయె ఊరు వాగు అవతల, గుట్టల్లో. మోటారు సైకిలు కూడా పోని దారి. అక్కడి చింతపండు, ఇప్పపువ్వు, ధాన్యం మద్దేడ్ సంతకు మోసుకొచ్చేది, ఉప్పూ నూనే సబ్బులూ తిరిగి మోసుకుపోయేది ఆమె టట్టులే. మొగుడు బిజ్జా పొలం చూసుకునేవాడు, టట్టుల పని ముయెది. ఒకటి ముసలి మగ టట్టు. రెండోది ఎనిమిదేళ్ళ ఎర్ర ఆడది, నొసట తెల్ల మచ్చ ఉన్నందుకు దాని పేరు బొట్టు. ప్రతి సంత రోజూ సరుకు దించగానే ముయె నేరుగా దుర్గ దుకాణానికి వచ్చి, స్పంజి ముక్కల కుప్ప మీద కూలబడి, ఎండ తగ్గేదాకా కదిలేది కాదు. ఇద్దరూ కలిసి తినేవారు. ముయె తెచ్చిన చేపల పులుసు, దుర్గ వండిన పప్పు. ముయె తమ ఊరి మాట దోర్లీలో మొదలుపెట్టి తెలుగులోకి దిగేది, కోపం వస్తే మళ్ళీ దోర్లీలోకి పోయేది. ఒకరికి తెలియని సంగతి ఇంకొకరి ఇంట్లో లేదు. దుర్గకు ఇద్దరు తోడికోడళ్ళున్నారు, చుట్టుపక్కల బంధువులున్నారు, కానీ వారమంతా ఆమె ఎదురుచూసేది మాత్రం సంత రోజు మధ్యాహ్నం కోసమే.

ఆ డిసెంబరులో మద్దేడ్‌కు కొత్త నర్సు వచ్చింది. పేరు నంద. కొంటలో కిరాణా వ్యాపారం చేసే తెలుగువాళ్ళ అమ్మాయి, ముప్పై దాటని మనిషి. హైదరాబాదులో చదివేటప్పుడు ఎన్‌సీసీలో మూడేళ్ళు గుర్రపు స్వారీ చేసిందట. వాగు అవతలి ఊళ్ళలో పిల్లలకు టీకాలు వేయాలి, మందులు చల్లగా ఉండే పెట్టె మోసుకుని గుట్టలెక్కాలి. అందరిలా రెండు రోజులు నడిచి కాళ్ళు వాచాక, మూడో రోజు సంతలో ముయెను పట్టుకుని బొట్టును అడిగింది. వారానికి మూడు రోజులు తను ఎక్కిపోతుంది, ముయె తోడు రావాలి. ఊళ్ళన్నీ ముయెకు తెలిసినవే. ముయె సరేనంది.

అది మంచి పనే. దుర్గ కూడా మొదట అలాగే అనుకుంది.

తరువాతి సంతకు ముయె దుకాణానికి వచ్చిందిగానీ గంట కూడా కూచోలేదు. నంద సిస్టర్ క్వార్టర్లో అన్నం తినమందని, పోకపోతే బాగుండదని లేచింది. దుర్గ వండిన పప్పు అలాగే మిగిలింది. ఆ పై వారం అసలు తినడానికే రాలేదు, సాయంత్రం పోతూ పోతూ గుమ్మంలో నిలబడి పలకరించింది. ఆ నిలబడ్డ కాసేపూ నంద మాటే. సిస్టర్ ఇట్లన్నది, సిస్టర్ అట్లన్నది. దుర్గ మిషను తొక్కుతూ ఊ కొట్టింది.

ఆమెకు నిజంగా కడుపు మండింది మాత్రం జీన్ల మాట వచ్చిన రోజున. నంద ఫోనులో జీన్ల బొమ్మలు చూపించిందట. ముయె చేతులు తిప్పుతూ వర్ణించింది.

"పందేల గుర్రం జీను చపాతీ అంతనే ఉంటదంట అక్కా. బరువే ఉండదంట. దుముకుడు గుర్రానికైతే రెక్కలు ముందుకు ఒంగి ఉంటయంట, మోకాళ్ళు ఆనించుకునేటందుకు. పరదేశంల పశువులు కాసేటోళ్ళకు జీను ముందర ఒక కొమ్ము ఉంటదంట, దానికి తాడు చుట్టి ఎద్దునే ఆపుతరంట. రాణులకు వేరే ఉన్నది, రెండు కాళ్ళూ ఒక్క దిక్కే వేసుకొని కూచునేది. ఎన్ని తీర్లున్నయో నీకు తెల్సా?"

నీకు తెల్సా అని అడిగింది. జీనిగరవాళ్ళ బిడ్డను, పన్నెండేళ్ళుగా ఆమె టట్టులకు గంతలు కుట్టి పెట్టిన మనిషిని. వీటిలో రెండింటిని దుర్గ తండ్రి చేతుల మీదుగా చూసింది, రాణుల జీనుకు తోలు కూడా కోసింది. కానీ ముయె ఎన్నడూ అడగలేదు, తనూ ఎన్నడూ చెప్పలేదు. ఇంట్లో గూట్లో పెట్టి మరిచిన నగను పొరుగింటావిడ మెడలో చూసినట్టయింది దుర్గకు. తెలుసని చెప్పబుద్ధి కాలేదు. "ఉండనీ, మనకెందుకు?" అని దారం కొరికింది.

సంక్రాంతి దాటాక ఒక సంత రోజున రోడ్డు మీద అందరూ ఒకే వైపు చూస్తుంటే దుర్గ కూడా తల ఎత్తింది. ముయె వస్తోంది. నడిచి కాదు, బొట్టును ఎక్కి. గంత మీద మడత దుప్పటి వేసుకుని, చీర మోకాళ్ళ దాకా ఎగగట్టి, పగ్గం ఎడమ చేత్తో పట్టుకుని, నలభై ఏళ్ళ ముయె నిటారుగా కూచుని వస్తోంది. సంతలో ఆడవాళ్ళు నవ్వారు, ఆమె కూడా నవ్వింది. వెనకాల ముసలి టట్టును నడిపించుకుంటూ నంద వస్తోంది. నేర్పింది నంద.

దుర్గ కత్తెర కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళలో ఎన్ని జీన్లు కుట్టిందో ఆమెకే లెక్క లేదు. గుర్రమెక్కమని తండ్రి అనలేదు, మొగుడు అనలేదు, ఎక్కాలని తనకూ తోచలేదు. ముయెను చూశాక తోచింది. నందకు తనెవరో కూడా సరిగ్గా తెలియదు, ముయెకేమో తన వైపు మెడ తిప్పి చూసే తీరిక లేదు. ఇద్దరి మీదా ఒకేసారి ఒళ్ళు మండింది.

ఆ సాయంత్రం ఉమేష్ ఆమె ముఖం చూసి సంగతి అడిగి, విని నవ్వాడు. "ముయె నీకేమన్న పట్టా రాసిచ్చిందా, ఇంకొకరి ఇంట్ల తినొద్దని?" అన్నాడు. దుర్గ రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

గంత మీద మనిషి రోజంతా కూచోవడం కుదిరే పని కాదు. ఆ సంగతి దుర్గకే అందరికంటే ముందు తెలుసు. బొట్టుకు మనిషీ పెట్టే రెండూ పట్టే జీను ఒకటి చేసిస్తానని, తరువాతి సంతకు ముయెతో అనాలని ఆమె మనసులో ఒక ఆలోచన ఉంది. ఏ చెక్క వాడాలో కూడా అనుకుంది. ఆ మాట నోటి దాకా రాకముందే నంద ఒక జీనును భుజాన వేసుకుని దుకాణానికి వచ్చింది.

పాత పటాలం జీను. హైదరాబాదులో తెలిసినవాళ్ళ ద్వారా తెప్పించిందట. మంచి తోలు, ఇత్తడి కొక్కేలు, రికాబులు కూడా ఉన్నాయి. కడుపు కింద బిగించే తంగు పట్టీ ఒకటి చీకిపోయింది, దాన్ని మార్చాలి. ముయె బొట్టును దుకాణం ముందు స్తంభానికి కట్టి, ఆ జీనును ముట్టుకుని ముట్టుకుని చూసుకుంటోంది. దుర్గ అరగంటలో పట్టీ కుట్టింది. బయటికి తెచ్చి బొట్టు వీపు మీద పెట్టింది.

పెట్టగానే తెలిసిపోయింది. ఆ జీను లోపలి చెక్క చట్రం ఎత్తు గుర్రం కోసం చేసింది. సన్నటి వీపు, మెడ దిగువన భుజాల మధ్య కత్తిలా లేచి ఉండే పెద్ద జాతి గుర్రం. బొట్టు గుట్టల టట్టు, దాని వీపు బల్లలాగా చదును, భుజాలు గుమ్మడికాయల్లా గుండ్రం. దుర్గ జీను ముందు భాగం కింద వేళ్ళు దూర్చింది. రెండో కణుపు దగ్గర ఇరుక్కుపోయాయి. ఇంకో పక్క కూడా అంతే. మనిషి ఎక్కి కూచుంటే ఆ చట్రం రెండు పక్కలా పట్టకారులా పడుతుంది.

నంద ఎన్‌సీసీలో స్వారీ నేర్చుకుందిగానీ జీను కట్టడం నేర్చుకోలేదు. అక్కడ ఆ పనికి గుర్రాలు చూసుకునే సయీసులుండేవారు. అందుకే అడిగింది. "సరిగ్గా సరిపోయిందా అక్కా? ముందు కొంచెం బిగుతుగా ఉన్నట్టుంది. మీకు తెలిసినంత నాకు తెలియదు, మీరే చూసి చెప్పండి."

దుర్గ వేళ్ళు ఇంకా జీను కిందే ఉన్నాయి. ముయె నంద పక్కన నిలబడి ఉంది, ఇద్దరి భుజాలూ ఆనుకుని ఉన్నాయి. చెప్పడానికి ఒక్క మాట చాలు. చెబితే ఈ జీను పనికిరాదు, నంద తెచ్చింది పనికిరాదు. అది చెప్పడం దుర్గకు సంతోషంగానే ఉండాలి. కానీ ఆ క్షణాన ఆమెకు అంతకంటే వేరే ఆశ కలిగింది. తప్పు తనంతట తాను బయటపడాలి, అప్పుడు ముయె తెలుసుకోవాలి, ఎవరికి ఏమి తెలుసో.

"బాగనే ఉన్నది," అంది. "కింద ఇంకో దుప్పటి మడిచి వేయండి, చాలు."

దుప్పటి మందం పెరిగితే ఇరుకు ఇంకా ఇరుకవుతుందని ఆమెకు తెలుసు. నంద థాంక్స్ చెప్పింది. ముయె రికాబులో కాలు పెట్టి ఎక్కి, రోడ్డు చివరిదాకా పోయి వచ్చింది. ఆ సంతోషాన్ని చూడలేక దుర్గ మిషను ముందు కూచుంది.

మూడు వారాలు గడిచాయి. ముయె ఒక సంతకు వచ్చింది, రెండింటికి రాలేదు. నందతో ఊళ్ళు తిరుగుతోందని విన్నది. ఒక్కోసారి కుట్టు మధ్యలో పని ఆపి బొట్టు ఎలా ఉందోనని దుర్గ అనుకునేది. జంతువు ఏం పాపం చేసిందని లోపల ఒక గొంతు అడిగేది. ఇంకా ఏమీ కాలేదేమోలే, ముయె చూసుకుంటుందిలే అని ఆ గొంతును నొక్కేసేది. ఇప్పుడు పోయి చెబితే అప్పుడెందుకు చెప్పలేదని అడుగుతారు. రోజులు గడిచిన కొద్దీ ఆ మాట చెప్పడం ఇంకా కష్టమైంది.

ఫిబ్రవరిలో, సంత కాని రోజున, ముయె బొట్టును నడిపించుకుంటూ వచ్చింది. వీపు మీద ఏమీ లేదు. భుజాల పైన, వెన్నుకు రెండు పక్కలా, అరచెయ్యంత మేర చర్మం ఊడి ఎర్రగా ఉంది. వేపాకూ పసుపూ నూరి పట్టించింది. ఈగలు వాలకుండా ముయె కొమ్మతో విసురుతూనే ఉంది. దుర్గ చెయ్యి దగ్గరికి తీసుకెళ్ళేసరికి బొట్టు ఒళ్ళంతా వణికి పక్కకు జరిగింది. ఆ జంతువు ఎన్నడూ ఆమె చేతి నుంచి జరిగింది లేదు.

భోపాలపట్నంలో పశువుల డాక్టరు చూశాడని, రెండు నెలలు వీపు మీద ఏమీ వేయొద్దన్నాడని ముయె చెప్పింది. రెండు నెలలంటే ఇప్పపూల కాలమంతా. ముసలి టట్టు ఒక్కటి ఎంత మోస్తుంది?

"నేనెక్కడ తప్పు కట్టిన అక్కా? నువ్వు చెప్పినట్టే ఇంకో దుప్పటి గూడ వేసిన."

దుర్గ బొట్టు వీపు వైపు చూసింది. చెప్పేయాల్సిన చోటు అదే. కానీ ముయె కళ్ళలో అనుమానం లేదు, అడగడానికి నేరుగా తన దగ్గరికే వచ్చింది, నంద దగ్గరికి పోలేదు. అది చూసి దుర్గ మనసు మళ్ళీ తప్పు దారి పట్టింది.

"నువ్వు కట్టుడుల తప్పు లేదు," అంది. "ఆమె కూచునే తీరు అట్లున్నది. ఒక పక్కకు ఒరిగి కూచుంటది. పట్నంల మైదానంల నేర్చినామెకు మన గుట్టలు ఏం తెలుస్తయి?"

ముయె బొట్టును నడిపించుకుని వెళ్ళిపోయింది. ఆ వారం నుంచి నందతో పోవడం మానేసింది. నంద రెండుసార్లు పిలిపించిందట, ముయె పోలేదట. సంత రోజు మధ్యాహ్నాలు మళ్ళీ దుర్గకు వచ్చాయి. ముయె స్పంజి కుప్ప మీద కూచుంది, ఇద్దరూ కలిసి తిన్నారు. దుర్గ కోరుకున్నది అదే. కానీ ముయె మాట్లాడడం లేదు. అడిగితే ఒక ముక్క చెప్పి ఊరుకునేది. సరుకు గంపలో పెట్టుకుని నెత్తిన మోసుకొచ్చినందుకు మెడ నరాలు పట్టేసి, తల ఒక పక్కకు తిప్పలేకపోయేది. రోడ్డు మీద నంద మందుల పెట్టె భుజాన వేసుకుని వాగు వైపు నడిచి పోతుంటే ఇద్దరూ చూసేవారు, ఇద్దరూ చూడనట్టుండేవారు.

మూడో సంతకు, అన్నం ముందు పెట్టుకుని, ముయె ఉన్నట్టుండి మాట్లాడింది.

"అక్కా, నాకొకటి సమజైతలేదు. సిస్టర్ ఒక పక్కకు ఒరిగి కూచుంటే ఒక్క దిక్కే పుండు పడాలె. బొట్టుకు రెండు దిక్కుల ఒక్క తీరుగ పడ్డది. గంత కట్టుకుంట ఇన్నేండ్లు చూస్తున్న, నాకు తెల్వదా? అది సిస్టర్ తప్పు గాదు. నాదే. నాకు ఎక్కాలనే ఆశ పుట్టింది. సిస్టర్ దిగి నడుస్తుంటే నేను ఎక్కేదాన్ని, ఊళ్ళె అందరు చూడాలని. బరువు మోసే జంతువును దొరసాని లెక్క ఎక్కి తిరిగిన. అందుకే అయింది. ఇగ జన్మల ఎక్క."

అని అన్నం కలుపుకోవడం మొదలుపెట్టింది, తినలేదు.

ముయె నందను తిట్టి ఉంటే దుర్గ ఇంకా కొన్నాళ్ళు ఊరుకునేదేమో. తనను నిలదీసినా ఏదో అబద్ధం వెతుక్కునేది. నలభై ఏళ్ళకు ఒక ముచ్చట తీరిన మనిషి, ఆ ముచ్చట పడ్డందుకే సిగ్గుపడుతూ కూచోవడం ఆమె తట్టుకోలేకపోయింది.

"జీను ఇరుకు," అంది దుర్గ. "చట్రం పెద్ద గుర్రానిది. బొట్టు వీపుకు పట్టదు. దుప్పటి వేస్తే ఇంకా ఇరుకైతది."

ముయె తల ఎత్తింది. మెడ నొప్పికి తల తిప్పలేక మనిషే మొత్తం ఆమె వైపు తిరిగింది.

"ఎప్పుడు తెల్సింది నీకు?"

"ఆ దినమే. చెయ్యి పెట్టి చూసిన గదా."

"తెల్సి వేయమన్నవా?"

"అన్న." దుర్గ కళ్ళు దించుకోలేదు, దించుకుంటే ఇక మాట రాదని తెలుసు. "నువ్వు ఆమె ఎంట తిరుగుతుంటే నాకు కడుపుమంట. ఆమె తెచ్చింది పనికి రాదని నీకు తెలవాలనుకున్న. బొట్టుకు ఇంత అయితదని అనుకోలే. అనుకోలేదంటే గూడ అబద్ధమే. అనుకున్న, అయినా ఊకున్న."

ముయె లేచింది. చెయ్యి కడుక్కుని, ఖాళీ గంప ఎత్తుకుని, చెప్పులు వేసుకుని పోయింది. ఒక్క మాట కూడా అనలేదు, దోర్లీలో కూడా.

మరుసటి రోజు దుర్గ దుకాణం తెరవకుండా నంద క్వార్టరుకు పోయింది. ఆమెకూ అదే చెప్పింది, ముయెకు చెప్పిన మాటల్లోనే. నంద నిలబడే విన్నది. కోపం ముఖంలోకి వచ్చింది, దాచుకోలేదు. తను నడిచి చేరేసరికి రెండు ఊళ్ళలో జనం పూలు ఏరడానికి అడవికి పోయారనీ, పిల్లలకు రెండో డోసు వేయలేకపోయిందనీ చెప్పింది. ముయె ఎందుకు ముఖం చాటేసిందో తెలియక, తన వల్ల ఏం తప్పు జరిగిందో అర్థం కాక నెల రోజులు కుమిలిందట.

"నేనంటే మీకెందుకంత కోపం? నేను మీకేం చేశాను?"

"ఏం చేయలే. మీ దగ్గర కూచుంటే ముయె నవ్వుతది. అదే నా ఏడుపు," అంది దుర్గ.

దుర్గ ఆ జీను అడిగింది. అది బాగుచేసి పనికొచ్చేది కాదు, చట్రం మారదు. కానీ దాని తోలూ కొక్కేలూ రికాబులూ మంచివి. వాటితో బొట్టుకు సరిపడేది కొత్తగా కడతానని చెప్పింది. నంద గోడకు తగిలించి ఉన్న జీను తీసి ఇచ్చింది. క్షమించానని అనలేదు.

బొట్టు వీపు కొలత తీసుకోవాలంటే ముయె ఊరు పోవాలి. పన్నెండేళ్ళలో ముయె వందసార్లు రమ్మంది, దుర్గ ఒక్కసారీ పోలేదు. దుకాణం, మోకాళ్ళ నొప్పి, ఎప్పుడూ ఏదో ఒక సాకు. ఇప్పుడు సంచిలో మెత్తటి సీసపు తీగ, బొగ్గు, పాత అట్టలు పెట్టుకుని తెల్లవారగానే వాగు దాటింది. ఇప్పచెట్ల కింద ఆడవాళ్ళు పూలు ఏరుతున్నారు, దారి అడిగితే చూపించారు. రెండు గుట్టలెక్కి దిగేసరికి మోకాళ్ళు చెప్పిన మాట వినడం మానేశాయి. ఇన్నేళ్ళూ ఈ దారిలో ముయె వారం వారం తన కోసం కూడా వచ్చేదని, ఒక రాతి మీద కూలబడ్డప్పుడు తలకెక్కింది.

ఇంటి ముందు బిజ్జా తడిక అల్లుతున్నాడు. ఆమెను చూసి మంచం వాల్చాడు, నీళ్ళు ఇచ్చాడు. ముయె లోపలి నుంచి బయటికి వచ్చి, చూసి, ఆరబెట్టిన ఇప్పపువ్వును కాలితో తిరగేయడం మొదలుపెట్టింది. బొట్టు నీడలో కట్టేసి ఉంది. పుండు అంచుల్లో కొత్త చర్మం గులాబీ రంగులో వస్తోంది.

దుర్గ అనుమతి అడగాలా వద్దా తెలియక నిలబడింది. చివరికి, ముయె అటు తిరిగే ఉండగా, కొలత తీసుకోవడానికి వచ్చానని, జీను చేస్తానని చెప్పింది. ముయె తిరగలేదు. బిజ్జా ఇద్దరి వైపూ చూసి తడిక మీద తల వంచాడు. దుర్గ బొట్టు దగ్గరికి పోయింది. చెయ్యి పెట్టబోతే అది మళ్ళీ జరిగింది. ఇంకోసారి ప్రయత్నిస్తే చెవులు వెనక్కి వాల్చింది. మూడోసారి ముయె వచ్చి, మాట్లాడకుండా, దాని తాడు పట్టుకుని నొసటి మీద చెయ్యి వేసి నిలబడింది.

దుర్గ పుండును తాకకుండా సీసపు తీగను భుజాల మీద, నడుము మీద, వీపు చివర వంచి వంచి పెట్టి, ఆ వంపును అట్టల మీద బొగ్గుతో గీసుకుంది. రెండోసారి సరిచూసుకుంది. మూడోసారి కూడా చూసుకుంది. అంతసేపూ ముయె తాడు పట్టుకునే ఉంది. పని అయ్యాక తాడు వదిలి పోయింది. దుర్గ తిరుగు దారిలో రెండుచోట్ల కూచుని ఏడ్చింది.

జీనుకు నెల పట్టింది. రెండు టేకు పలకలను వీపు వంపుకు సరిపోయేలా చెక్కించి, వాటిని ముందూ వెనకా వెడల్పాటి కమానులతో కలిపింది. వెన్ను మీద నాలుగు వేళ్ళు నిలువునా పట్టేంత సందు వదిలింది. కింద ఉన్ని ఒత్తి చేసిన నమదా పరుపు, మధ్యలో దట్టంగా మెత్త, పైన పాత జీను తోలు. వెనక ఇత్తడి కొక్కేలు మందుల పెట్టెకు. అది పెళ్ళి జీనూ కాదు, పటాలం జీనూ కాదు, గంతా కాదు. మూడింటిలో నుంచీ కొంచెం కొంచెం తీసుకున్నది. లారీవాళ్ళు సీట్ల కోసం వచ్చి ఇదేందని అడిగితే, ఉమేష్ ఈసారి గొప్పలు చెప్పకుండా, కొంచెం ఆగమని మాత్రం అనేవాడు.

ఏప్రిల్ చివర్లో పుండు పూర్తిగా మానింది. ఊడిన చోట వెంట్రుకలు తెల్లగా మొలిచాయి, అవి ఇక ఎర్రబడవు. నంద ముయె ఇంటికి పోయి బొట్టును, ముయెను వెంటబెట్టుకుని వచ్చింది. ఆ ఇద్దరూ ఎప్పుడో మాట్లాడుకున్నారని తెలుస్తూనే ఉంది. దుర్గ జీను పెట్టి, తంగు బిగించి, పక్కకు జరిగి ముయెను చూడమంది. ముయె ముందు భాగం కింద చెయ్యి దూర్చింది. మణికట్టు దాకా పోయింది. ఇంకో పక్క చూసింది. నంద ఎక్కి కూచున్నాక మళ్ళీ చూసింది. ప్రతి వేలితోనూ తడిమి తడిమి చూసింది. దుర్గ మాట మీద నమ్మకం ఉంటే అంతసేపు చూసేది కాదు. అది దుర్గకు తెలుసు, అయినా ఆపలేదు.

"మంచిగున్నది," అంది ముయె చివరికి, జీనుతో అన్నట్టుగా.

నంద దిగి పగ్గం ముయె చేతిలో పెట్టింది. ముయె కొంతసేపు ఎక్కాలా వద్దా అన్నట్టు నిలబడింది. తరువాత చీర ఎగగట్టి ఎక్కింది. నంద పక్కన నడుస్తుంటే ఇద్దరూ వాగు వైపు వెళ్ళారు. నంద ఏదో అంటే ముయె నవ్వడం దూరానికి కూడా వినిపించింది. దుర్గ దుకాణం ముందు నిలబడి చూసింది. అదే మంట, కడుపులో అదే చోట. తగ్గుతుందేమో అనుకుంది, తగ్గలేదు. లోపలికి పోయి ఒక ట్రాక్టర్ సీటు ముందు వేసుకుని కుట్టడం మొదలుపెట్టింది.

రెండు సంతలు పోయాక ముయె దుకాణంలోకి వచ్చింది. గుమ్మంలో ఆగలేదుగానీ, లోపల కూడా మునుపటిలా కూలబడలేదు. స్టూలు లాక్కుని కూచుంది. నంద దగ్గర తినొచ్చానని ముందే చెప్పింది. దుర్గ సరేనని తన పళ్ళెం ఒక్కటే పెట్టుకుంది. ముయె ఊళ్ళో సంగతులు రెండు చెప్పింది, ముసలి టట్టు ఇక బరువు మోయలేదంది. తరువాత, మొన్న గుట్ట దిగేటప్పుడు సిస్టర్... అని మొదలుపెట్టి, దుర్గ ముఖం చూసి ఆగిపోయింది.

దుర్గ ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపింది.

"చెప్పు," అంది. "నాకు కుళ్ళుగనే ఉంటది. అయినా వింట."

ముయె స్టూలును కొంచెం దగ్గరికి జరుపుకుని, మొన్న గుట్ట దిగేటప్పుడు ఏం జరిగిందో చెప్పసాగింది.